ఫోను తెర మీద ఎవరి మాట చెల్లుతుంది?

ఏళ్ల తరబడి ఐఫోన్ వాడినవారి చేతికి ఆండ్రాయిడ్ ఫోను ఇస్తే ఐకాన్లను గుర్తుపడతారు, సెట్టింగ్స్ ఎక్కడుంటాయో ఊహిస్తారు, కెమెరా తెరిచి ఫొటో కూడా తీస్తారు. తడబాటు ఆ తర్వాత, ఫొటో నుంచి వెనక్కి రావాల్సినప్పుడు మొదలవుతుంది. తెర పైన ఎడమ మూలలో బాణం కోసం కళ్లు వెతుకుతాయి. అక్కడ అది ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారినవారి చిక్కు ఇంకో రకం. అలవాటు కొద్దీ కుడి అంచు నుంచి వేలితో లోపలికి తోస్తారు, ఏమీ జరగదు.

ఫోను ఆపరేటింగ్ సిస్టమ్‌లను పోల్చే రాతలు చాలావరకు కంటికి కనిపించేవాటి దగ్గరే ఆగిపోతాయి. ఐకాన్ల మూలలు గుండ్రంగా ఉన్నాయా, రంగులు ముదురా లేతా, అక్షరాలు ఎంత సన్నం అన్నదే చర్చ. ఇవన్నీ ఒకరి నుంచి ఒకరికి ఒకటి రెండేళ్లలో పాకిపోయే విషయాలు. అంత తేలిగ్గా పాకనిది మరొకటి ఉంది. ఫోను వాడే ప్రతి క్షణంలో ముగ్గురి ఇష్టాలు ఒకచోట తగులుకుంటాయి. వాడే మనిషి ఒకరు, యాప్ తయారు చేసిన సంస్థ ఇంకొకరు, ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసిన సంస్థ మూడోవారు. వెనక్కి వెళ్లడం, కబురు మోగడం, మైకు తెరుచుకోవడం వంటి ప్రతి పనిలోనూ ఈ ముగ్గురిలో ఎవరి మాట చెల్లాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఫోన్ల మధ్య అసలు తేడా ఆ రాసిపెట్టడంలోనే ఉందని నా వాదన.

వెనక్కి అంటే ఎక్కడికి?

2007లో వచ్చిన తొలి ఐఫోన్ ముందు భాగంలో ఒకే బటన్ ఉండేది. నొక్కితే హోమ్ స్క్రీన్ వస్తుంది, అంతే. వెనక్కి వెళ్లే బటన్ లేదు. ఆ పని యాప్‌లకు అప్పగించారు. పైన ఎడమ మూలలో బాణం, దాని పక్కన ముందటి తెర పేరు గీయడం యాప్ బాధ్యత. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోను టీ-మొబైల్ జీ1 దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. హోమ్, బ్యాక్, మెనూ అన్నీ అసలైన బటన్లే. బ్యాక్ బటన్ ఏ యాప్‌దీ కాదు, ఫోనుది.

బటన్ల లెక్క కంటే వాటి వెనక ఉన్న ఊహలో తేడా ఎక్కువ. ఐఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్ దృష్టిలో ప్రతి యాప్ ఒక విడి ఇల్లు, బయటికి వెళ్లాలంటే వీధిలోకి, అంటే హోమ్ స్క్రీన్‌కు రావాల్సిందే. ఆండ్రాయిడ్ దృష్టిలో ఫోను మొత్తం ఒకే ఇల్లు, యాప్‌లు అందులో గదులు. ఈమెయిల్ యాప్‌లో లంకె నొక్కితే బ్రౌజర్ తెర తెరుచుకుంటుంది, బ్యాక్ నొక్కితే మళ్లీ అదే ఈమెయిల్ దగ్గరికి వస్తారు. యాప్ మారిందన్న సంగతి వాడేవారికి పట్టనక్కరలేదు. ఒక యాప్ తన పని కోసం ఇంకో యాప్ తెరను అరువు తెచ్చుకునే ఏర్పాటు ఆండ్రాయిడ్ పునాదిలోనే ఉంది. బ్యాక్ బటన్ ఆ ఏర్పాటుకు సహజమైన జత.

చెప్పుకోవడానికి అందంగా ఉన్నా, ఆచరణలో రెండూ బెడిసికొట్టాయి.

ఆండ్రాయిడ్ బ్యాక్‌కు పని ఎక్కువైపోయింది. కీబోర్డు తెరిచి ఉంటే దాన్ని మూస్తుంది. చిన్న పెట్టె ఏదైనా తెర మీద ఉంటే దాన్ని తొలగిస్తుంది. బ్రౌజర్‌లో ఉంటే ముందటి పేజీకి తీసుకెళ్తుంది. ఇవేవీ లేకపోతే యాప్ నుంచే బయటికి నెట్టేస్తుంది. ఒకసారి ఎక్కువ నొక్కినవారు హోమ్ స్క్రీన్ మీద పడతారు. ‘బయటికి వెళ్లడానికి మరోసారి నొక్కండి’ అని కింద మెరిసే చిన్న పట్టీలు ఎన్నో యాప్‌లలో పుట్టుకొచ్చింది ఈ భయంతోనే. అది చాలదన్నట్టు 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.0తో పై మూలలో ఇంకో బాణం చేరింది. దాని పేరు ‘అప్’. కింది బ్యాక్ మీరు వచ్చిన దారిని చూస్తుంది, పై బాణం యాప్‌లోని తెరల వరసను చూస్తుంది. ఒక సందేశపు నోటిఫికేషన్ నొక్కి నేరుగా ఆ సంభాషణలోకి వచ్చారనుకోండి. బ్యాక్ నొక్కితే మీరు అంతకుముందు చేస్తున్న పనికి తీసుకెళ్లాలి, అప్ నొక్కితే సందేశాల జాబితాకు తీసుకెళ్లాలి. ఈ తేడాను బొమ్మలు గీసి మరీ యాప్‌లు రాసేవారికి వివరించాల్సి వచ్చింది. వాడేవారికి ఎవరూ వివరించలేదు. రెండు బాణాలూ ఎడమ వైపుకే చూస్తుంటే ఒకటి కాలాన్ని బట్టి, ఇంకొకటి అంతస్తును బట్టి నడుస్తుందని ఎవరు మాత్రం ఊహిస్తారు?

ఐఫోన్‌ది మరో రకం అవస్థ. ఇళ్లు విడివిడిగా ఉన్నంత కాలం బాగానే ఉంది. ఒక యాప్ నుంచి లంకె ఇంకో యాప్‌లోకి పంపితే మాత్రం తిరిగి వచ్చే దారే లేదు. హోమ్ నొక్కి, పాత యాప్ ఐకాన్ వెతుక్కుని మళ్లీ మొదలుపెట్టాలి. దీనికి మందు 2015లో ఐఓఎస్ 9లో దొరికింది. తెర పైన, గడియారం ఉండే పట్టీలో, ఎడమ మూలన ముందటి యాప్ పేరుతో చీమ తలకాయంత లంకె. అప్పటికి ఏడాది ముందే ఐఫోన్ తెర 4.7, 5.5 అంగుళాలకు పెరిగింది. కుడి చేత్తో పట్టుకున్న ఫోనులో బొటనవేలికి అన్నిటికంటే దూరమైన చోటు ఆ పై ఎడమ మూలే. పెద్ద తెరతో పాటే యాపిల్ ఒక ఉపాయం కూడా ఇచ్చింది: హోమ్ బటన్‌ను రెండుసార్లు తాకితే తెర మొత్తం సగం కిందికి జారుతుంది. ఎక్కలేని మెట్టు దగ్గరికి మేడనే దించినట్టు ఉన్న ఆ ఉపాయంలోనే, పై మూల బాణం ఎంత పొరపాటో ఒప్పుకున్న ఛాయ కనిపిస్తుంది.

అంతకుముందు 2013లో ఐఓఎస్ 7 ఎడమ అంచు నుంచి తోస్తే వెనక్కి వెళ్లే పద్ధతి తెచ్చింది. అయితే అది ఎడమ అంచుకే పరిమితం, అదీ యాప్ ఒప్పుకుంటేనే. కింది నుంచి పైకి లేచిన తెరలను మూయాలంటే కిందికి లాగాలి, లేదా పైన ఉన్న ‘డన్’ నొక్కాలి, లేదా ఇంటూ గుర్తు వెతకాలి. ఏ తెర ఎటు నుంచి వచ్చిందో గుర్తుంటేనే ఎటు తోయాలో తెలుస్తుంది. గుర్తుంచుకునే భారం వాడేవారిదే.

2019లో ఆండ్రాయిడ్ 10 బటన్లను పూర్తిగా తీసేసే వీలు కల్పించి, బ్యాక్‌ను రెండు అంచులకూ ఇచ్చింది. ఎడమ నుంచి తోసినా, కుడి నుంచి తోసినా వెనక్కే. ఏ చేత్తో పట్టుకున్నా అందుతుంది. కానీ అప్పటికే లెక్కలేనన్ని యాప్‌లు ఎడమ అంచు నుంచి తోస్తే తెరుచుకునే పక్క మెనూలతో నిండి ఉన్నాయి. ఆ మెనూలను ఏళ్ల పాటు ప్రోత్సహించింది గూగులే. ఇప్పుడు ఒకే అంచు కోసం యాప్‌కూ సిస్టమ్‌కూ తగువు వచ్చింది. తీర్పు ఎలా వచ్చిందో చూస్తే ఈ వ్యాసపు వాదన తేటపడుతుంది. ‘ఈ భాగంలో బ్యాక్ పనిచేయకూడదు’ అని యాప్ అడగవచ్చు, కానీ ఒక్కో అంచులో 200 డీపీ పొడవు వరకే. తెర చుక్కల సాంద్రతతో పని లేకుండా పొడవు కొలిచే కొలత డీపీ. అంచు మొత్తం కావాలంటే కుదరదు. యాప్‌కు కొంత చోటు వదిలి, చివరి మాట సిస్టమ్ తన దగ్గరే ఉంచుకుంది.

వెనక్కి వెళ్తే ఎక్కడ తేలతామో ముందే చూపించే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లో ఇటీవలిది. వేలు తోస్తుండగానే ప్రస్తుత తెర కొంచెం కుంచించుకుని, వెనక ఉన్నది కనబడుతుంది. నచ్చకపోతే వేలు వెనక్కి లాగేయవచ్చు. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15 నాటికి ఇది, సిద్ధమైన యాప్‌లన్నింటిలో, మామూలుగానే పనిచేయడం మొదలుపెట్టింది. ఐఓఎస్‌లో ఎడమ అంచు తోపు 2013 నుంచే కింది తెరను అలా చూపిస్తోంది. మరోవైపు 2025లో వచ్చిన ఐఓఎస్ 26లో అంచునే పట్టుకోనక్కరలేదు, తెర మధ్య నుంచి తోసినా వెనక్కి వెళ్లే వీలు వచ్చింది. ఇద్దరూ దగ్గరవుతున్నారు. అయినా హామీలు వేరే. వెనక్కి తోస్తే ఏదో ఒకటి జరుగుతుందని ఆండ్రాయిడ్ హామీ ఇస్తుంది. తోస్తే యాప్ బయట పడేయనని ఐఓఎస్ హామీ ఇస్తుంది. పెద్ద తెరను ఒంటి చేత్తో వాడేవారికి మొదటి హామీయే మేలని నా అభిప్రాయం. ఫోను కొత్తగా పట్టుకున్న పెద్దవారికి నేర్పాల్సి వస్తే మాత్రం రెండోదే ఎంచుకుంటాను, ఎందుకంటే వారిని కంగారుపెట్టేది దారి దొరకకపోవడం కంటే ఉన్నట్టుండి తెర మాయమవడం.

బతకని ఫోన్లు మిగిల్చినవి

ఈ రోజు ఐఫోన్‌లో కింది నుంచి పైకి తోస్తే యాప్ చిన్న కార్డుగా మారి పక్కకు చేరుతుంది. ఆండ్రాయిడ్‌లోనూ అంతే. ఈ కార్డుల ఊహ రెండింటిదీ కాదు. 2009లో పామ్ సంస్థ ప్రీ ఫోనుతో వచ్చిన వెబ్ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో తెరిచి ఉన్న ప్రతి యాప్ ఒక కార్డు. పక్కలకు జరిపితే ఇంకో కార్డు, పైకి విసిరితే యాప్ మూసుకుంటుంది. ఆ రూపకల్పనకు సారథ్యం వహించిన మాటియాస్ డ్వార్టే 2010లో గూగుల్‌లో చేరారు. తర్వాతి ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ 4.0లో ఇటీవలి యాప్‌ల జాబితాను, పక్కకు తోసి తీసేసే పద్ధతిని చూసినవారికి వంశవృక్షం వెతకాల్సిన పని లేదు. పామ్‌ను కొన్న హెచ్‌పీ 2011 ఆగస్టులోనే వెబ్ఓఎస్ ఫోన్ల తయారీ ఆపేసింది.

అదే 2011లో నోకియా ఎన్9 ముందు భాగంలో ఒక్క బటన్ కూడా లేకుండా వచ్చింది. మీగో అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే ఆ ఫోనులో తెర అంచు నుంచి తోస్తే యాప్ పక్కకు జరిగి హోమ్ వస్తుంది. 2013లో బ్లాక్‌బెర్రీ 10 ఇంకో అడుగు వేసింది. కింది నుంచి పైకి, పైనుంచి కుడికి వేలు జరిపితే, చేస్తున్న పని వదలకుండానే సందేశాల పెట్టెలోకి తొంగి చూడవచ్చు. వేలు వదలకుండా వెనక్కి తెస్తే ఎక్కడున్నారో అక్కడే ఉంటారు. ఐఫోన్‌లో హోమ్ బటన్ పోయింది 2017లో, ఐఫోన్ 10తో. ఆండ్రాయిడ్ ఆ బాట పట్టింది ఆ మరుసటి ఏడాది.

ఈ ఫోన్లేవీ వాడుకలో ఇబ్బంది వల్ల పోలేదు. యాప్‌లు రాక పోయాయి. వాటిలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది 2010లో వచ్చిన విండోస్ ఫోన్. పెద్ద అక్షరాలు, చదును రంగుల పలకలు, తమంతట తాము మారే సమాచారం. అందరూ మెచ్చుకున్నది ఈ ముఖాన్నే. లోపల ఇంకా సాహసమైన ఆలోచన ఉంది. యాప్ అన్నదాన్నే వెనక్కి నెట్టి, మనుషులను ముందుకు తేవడం. ఒకరి పేరు నొక్కితే వారి ఫోను నంబరు, మీరు పంపుకున్న సందేశాలు, ఫేస్‌బుక్‌లో వారు పెట్టిన కబుర్లు అన్నీ ఒకే పేజీలో. ఏ సేవలో ఏముందో మీరు గుర్తుంచుకోనక్కరలేదు. వాడే మనిషి కోణం నుంచి ఇంతకంటే సహజమైన అమరిక లేదు. కానీ ఆ పేజీలో సేవ నడిపే సంస్థకు తన గుమ్మం లేదు, తన ప్రకటనలకు చోటు లేదు. తమ యాప్‌లోకే జనం రావాలని కోరుకునే సంస్థల లోకంలో ఆ కలయిక తర్వాతి కూర్పుల్లో పలచబడుతూ వచ్చింది. 2020 జనవరిలో విండోస్ 10 మొబైల్‌కు మద్దతు ముగిసింది. ముగ్గురిలో ఒకరి మాట బొత్తిగా చెల్లకపోతే వారు ఆటలోకే రారని ఆ కథ చూపించింది.

పిలవని కబుర్లు

నోటిఫికేషన్ల విషయంలో ఆండ్రాయిడ్ మొదటి రోజు నుంచీ సరైన చోట ఉంది. పై నుంచి కిందికి లాగే తెర జీ1లోనే ఉంది. ఐఫోన్‌లో 2011లో ఐఓఎస్ 5 వచ్చేదాకా ప్రతి కబురూ తెర మధ్యలో నీలం పెట్టెగా ఊడిపడేది. ఆట ఆడుతున్నా, ఏదో రాస్తున్నా దాన్ని తీసేస్తే తప్ప ముందుకు కదలనిచ్చేది కాదు. చూపించే తీరులో గెలుపు ఆండ్రాయిడ్‌దే.

అడిగే తీరులో మాత్రం ఐఓఎస్ ముందుంది. 2009లో యాప్‌లకు నోటిఫికేషన్ల సౌకర్యం ఇచ్చినప్పటి నుంచీ ‘ఈ యాప్ మీకు కబుర్లు పంపవచ్చా’ అని ముందే అడుగుతుంది. ఆండ్రాయిడ్ అలా అడగడం మొదలుపెట్టింది 2022లో, ఆండ్రాయిడ్ 13తో. ఆ పదమూడేళ్లూ యాప్ పెట్టుకోవడమంటే దాని అరుపులకు కూడా ఒప్పుకున్నట్టే.

మధ్యలో ఆండ్రాయిడ్ చేసిన మంచి పని ఒకటుంది, దానికి రావాల్సినంత పేరు రాలేదు. 2017లో ఆండ్రాయిడ్ 8 నుంచి ప్రతి యాప్ తన నోటిఫికేషన్లను రకాలుగా విడదీసి సిస్టమ్‌కు చెప్పాలి. డబ్బు జమ అయిన కబురు ఒక రకం, పండగ తగ్గింపుల కబురు ఇంకో రకం. రెండోదాన్ని నోరు మూయించి మొదటిదాన్ని ఉంచుకునే హక్కు వాడేవారిది. ఐఓఎస్‌లో ఈ విభజన సిస్టమ్ సెట్టింగ్స్‌లో లేదు. యాప్ దయతలచి తన లోపల మీటలు పెడితే సరి, లేకపోతే అన్నీ రావాలి లేదా ఏవీ రాకూడదు. 2021లో ఐఓఎస్ 15 ఫోకస్ అనే ఏర్పాటు తెచ్చింది, పనివేళల్లో ఫలానా మనుషులు, ఫలానా యాప్‌లు మాత్రమే మోగేలా. ‘ఇది అత్యవసరం’ అనే ముద్ర కూడా అప్పుడే వచ్చింది. ఆ ముద్ర వేసుకునేది యాప్ తానే. ప్రకటన కూడా అత్యవసరమని అనుకునే సంస్థలకు ఇది ఎంత వరమో చెప్పనక్కరలేదు. వాడేవారు ఆ ముద్రను కూడా ఆపేయవచ్చు, మెనూల లోతుల్లో దాన్ని వెతికి పట్టుకోగలిగితే. ఆండ్రాయిడ్‌లోనూ తప్పించుకునే దారి లేకపోలేదు: అన్నీ కలిపి ‘సాధారణం’ అనే ఒకే రకంలో వేసే యాప్‌లు కొల్లలు.

ఒక్కసారి అడిగే ప్రశ్న

అనుమతుల పెట్టెలోనూ ఇదే కథ, కొంచెం పదునుగా. 2015లో ఆండ్రాయిడ్ 6.0 వచ్చే వరకు యాప్ పెట్టుకునేటప్పుడే ఒక పొడవాటి జాబితా చూపించేవారు. అన్నిటికీ ఒప్పుకుంటేనే యాప్, లేదంటే లేదు. ఎవరూ చదవని జాబితా అది. అడగడమూ జరిగింది, ఒప్పుకోవడమూ జరిగింది, తెలియడం మాత్రం జరగలేదు. ఐఓఎస్‌లో పరిచయస్తుల జాబితా, ఫొటోల వంటివాటి కోసం అవసరమైన క్షణంలో అడిగే పద్ధతి 2012 నుంచి ఉంది. ఇప్పుడు ఇద్దరిదీ అదే పద్ధతి. మైకు, కెమెరా నడుస్తుంటే పైన వెలిగే చుక్క ఐఓఎస్‌లో 2020లో, ఆండ్రాయిడ్‌లో 2021లో వచ్చింది.

ఐఓఎస్‌లో ఒకసారి ‘వద్దు’ అంటే యాప్ అదే పెట్టెను మళ్లీ చూపలేదు. ఆండ్రాయిడ్ 11 నుంచి రెండుసార్లు కాదంటే అక్కడితో సరి. నియమం వాడేవారి పక్షానే ఉంది, కానీ దాని నీడలో ఒక కొత్త నాటకం పుట్టింది. సిస్టమ్ పెట్టె కంటే ముందు యాప్ తన సొంత తెర ఒకటి చూపిస్తుంది. అందమైన బొమ్మ, ‘ముఖ్యమైన కబుర్లు మిస్ కాకండి’ అన్న తీపి మాట, కింద పెద్ద బటన్. దాన్ని నొక్కితేనే అసలు ప్రశ్న వస్తుంది. కాదనేలా ఉన్నవారిని అసలు ప్రశ్న దాకా రానివ్వకపోతే ఉన్న ఒక్క అవకాశమూ వృథా కాదు.

ఒక పెట్టెకు ఎంత బలం ఉంటుందో 2021 ఏప్రిల్‌లో తెలిసింది. ఐఓఎస్ 14.5 నుంచి, ఇతర సంస్థల యాప్‌లలో, వెబ్‌సైట్లలో మీ కదలికలను వెంబడించాలంటే యాప్ ముందుగా ఒక ప్రశ్న అడగాలి. ఐఓఎస్ మార్పుల వల్ల 2022లో తమ ఆదాయానికి దాదాపు 1,000 కోట్ల డాలర్ల దెబ్బ తగులుతుందని, ప్రకటనల మీద నడిచే ఫేస్‌బుక్ సంస్థ మెటా ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రకటించింది. రెండు బటన్లు, నాలుగు ముక్కలు. అంతకుముందు కూడా సెట్టింగ్స్ లోతుల్లో దీన్ని ఆపే మీట ఉంది. మీట కాస్తా ప్రశ్నగా మారి ఎదురుగా నిలబడింది, అంతే తేడా. ఎంపిక ఉందా లేదా అన్నదాని కంటే, ఏదీ ముట్టుకోకపోతే ఏం జరుగుతుందన్నదే డిజైన్‌లో అసలు నిర్ణయం.

వేలికి తెలిసేవి

పై పై మెరుగుల గురించి క్లుప్తంగా చెబుతాను. ఐఫోన్ తెర మీద గీసిన తోలు కుట్లూ చెక్క అల్మరాలూ 2013లో వదిలేసి చదునుగా మారింది. గూగుల్ 2014లో మెటీరియల్ డిజైన్‌తో నీడలూ పొరలూ తెచ్చింది, 2021లో వాల్‌పేపర్ రంగులనే ఫోను మొత్తానికి పూసింది. 2025లో యాపిల్ అన్నిటినీ గాజు చేసింది. గాజు మీద రాసిన అక్షరాలు వెనకున్న ఫొటోలో కలిసిపోతున్నాయన్న ఫిర్యాదులు వచ్చాక గాజును మసకబార్చే ఎంపిక తర్వాతి నవీకరణలో చేర్చింది. చదవగలగడం అన్నది అలంకారం తర్వాత గుర్తుకొచ్చే సంగతి కాకూడదు, ఇన్నేళ్ల అనుభవం ఉన్నవారికి అసలే కాకూడదు.

చూపు కంటే స్పర్శలో తేడా ఎక్కువ కాలం నిలిచింది. ఐఫోన్‌లో జాబితా చివరికి చేరాక ఇంకా లాగితే అది రబ్బరులా సాగి వెనక్కి వస్తుంది. జాబితా అయిపోయిందనీ, ఫోను ఆగిపోలేదనీ ఒకే కదలిక చెబుతుంది. యాపిల్ డిజైనర్ బాస్ ఓర్డింగ్ పేరున ఉన్న ఈ పేటెంటు 2012లో శామ్‌సంగ్ మీద యాపిల్ గెలిచిన దావాలో ఒక అంశం. ఆండ్రాయిడ్‌లో చాలా ఏళ్లు జాబితా చివర అంచు వెలిగేది. సాగడం 2021లో ఆండ్రాయిడ్ 12తో వచ్చింది. తొలి రోజుల ఆండ్రాయిడ్ వేలి వెంట రాకుండా వెనకబడుతుందన్న పేరు తెచ్చుకుంది. 2012లో ఆండ్రాయిడ్ 4.1 కోసం ప్రాజెక్ట్ బటర్ పేరుతో చేసిన పని అంతా ఆ వెనకబాటు మీదే. తెర సెకనుకు 60 సార్లు మారాలంటే ఒక్కో చిత్రానికి 16 మిల్లీసెకన్ల పైచిలుకు మాత్రమే దొరుకుతుంది. ఒక్కటి తప్పినా కన్ను పట్టకపోవచ్చు, వేలు పడుతుంది.

కంటితో పని లేని వాడకంలో మాత్రం ఐఫోన్ చేసింది నిజంగా గొప్ప పని. బటన్లు లేని నున్నటి గాజు పలక చూపులేనివారికి తలుపులు మూసేస్తుందనే భయం మొదట్లో సహజంగానే ఉండేది. 2009లో ఐఫోన్ 3జీఎస్‌తో వచ్చిన వాయిస్‌ఓవర్ తాకడానికే అర్థం మార్చింది. ఒకసారి తాకితే వేలి కింద ఏముందో చదివి వినిపిస్తుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది. తెర మీద ఎక్కడ తడిమినా ప్రమాదం లేదు. ఇది మామూలు వాడకానికి అతికించిన తోక కాదు, అదే తెర మీద నడిచే రెండో వాడుక విధానం. ఆండ్రాయిడ్‌కు అలా చదివి వినిపించే టాక్‌బ్యాక్ అదే ఏడాది వచ్చినా, తడుముతూ తెలుసుకునే పద్ధతి 2011లో 4.0తో గానీ సిస్టమ్‌లో భాగం కాలేదు.

తెరలు పెరిగేకొద్దీ బొటనవేలి లెక్క మళ్లీ తెర మీదికి వచ్చింది. తాకే చోటు కనీసం 44 పాయింట్లు (డీపీ లాంటి కొలతే) ఉండాలని యాపిల్, 48 డీపీ ఉండాలని గూగుల్ చెబుతాయి. రెండోది దాదాపు 9 మిల్లీమీటర్లు. పరిమాణం సరే, అది ఉన్న చోటు సంగతేమిటి? దీనికి సూటిగా జవాబు చెప్పింది ఈ ఇద్దరూ కాదు, శామ్‌సంగ్. తన ఫోన్ల తెరలకు 2018లో ప్రకటించిన వన్ యూఐ అనే రూపంలో తెర పై భాగం చూడటానికి, కింది భాగం తాకడానికి అని గీత గీసేసింది. సెట్టింగ్స్ పేరు పెద్ద అక్షరాలతో పైన ఖాళీని నింపుతుంది, నొక్కాల్సినవన్నీ కిందికి దిగుతాయి. యాపిల్ 2021లో తన బ్రౌజర్ సఫారీ చిరునామా పట్టీని కిందికి దించింది. ముందస్తు కూర్పు చూసినవారు గోల చేయడంతో పాత చోటు కూడా ఎంపికగా ఉంచింది.

శామ్‌సంగ్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ‘ఆండ్రాయిడ్ అనుభవం’ అనేది పూర్తిగా ఒక వస్తువు కాదు. సెట్టింగ్స్ వరస, కెమెరా, వెనక నడుస్తున్న యాప్‌లను ఎప్పుడు ఆపాలన్న నియమం అన్నీ తయారీదారు ఇష్టం. అలారం యాప్ ఒక ఫోనులో మోగి ఇంకో ఫోనులో మోగకపోతే దోషం యాప్‌ది కాకపోవచ్చు, బ్యాటరీ ఆదా పేరుతో దాన్ని నిద్రపుచ్చిన తయారీదారుది కావచ్చు. ముగ్గురి పంచాయతీలో ఆండ్రాయిడ్ వైపు నాలుగో కుర్చీ ఎప్పటి నుంచో ఉంది.

ఐఫోన్ వైపు ఆ నాలుగో కుర్చీలో ఈమధ్య చట్టం వచ్చి కూర్చుంది. ఐరోపా సమాఖ్య డిజిటల్ మార్కెట్ల చట్టం వల్ల 2024 మార్చిలో ఐఓఎస్ 17.4తో అక్కడి ఐఫోన్లలో బ్రౌజర్ ఎంచుకునే తెర వచ్చింది. సఫారీ మొదటిసారి తెరిచినప్పుడు బ్రౌజర్ల జాబితా కనిపిస్తుంది. వరస ప్రతిసారీ మారుతుంది, ఎందుకంటే పైన ఉన్నదాన్నే జనం నొక్కుతారని అందరికీ తెలుసు. అదీ చాలలేదు. ఆ ఏడాది ఆగస్టులో యాపిల్ ఇంకా మార్పులు ప్రకటించింది: జాబితా మొత్తం చివరిదాకా జరిపి చూస్తేనే ఎంచుకోవడం కుదురుతుంది, తెర అడుగున సఫారీ ఐకాన్ ఉన్న చోట ఎంచుకున్న బ్రౌజర్ ఐకాన్ వచ్చి కూర్చుంటుంది. జాబితా ఎంత దూరం జరపాలో, ఐకాన్ ఏ గడిలో ఉండాలో డిజైనర్లు ఇప్పుడు న్యాయవాదులను పక్కన పెట్టుకుని గీస్తున్నారు.